భద్రాచలానికి అంకె ఉంది, మోరంచపల్లికి లేదు: చిన్న ఊళ్ల విపత్తు ప్లాన్ ఎక్కడ తెగుతోంది?

క్లుప్తంగా: వాన ఎంత పడొచ్చో ముందే చెప్పడం గతంతో పోలిస్తే చాలా మెరుగైంది. జిల్లాకో విపత్తు ప్రణాళిక ఉండాలని చట్టమే చెబుతోంది. అయినా వరద వచ్చిన మర్నాడు చిన్న ఊళ్లలో వినిపించే మాట మాత్రం మారలేదు, "మాకెవరూ చెప్పలేదు" అనే. అసలు చెప్పలేదా, చెప్పింది ఊరిదాకా రాలేదా, వచ్చినా ఏం చేయాలో తెలియలేదా? ఈ మూడూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేర్వేరే. పెద్ద నదికీ చిన్న వాగుకూ ఉన్న తేడా, ప్లాన్ రాసేవాళ్లకూ ఊళ్లో ఉండేవాళ్లకూ మధ్య దూరం, డబ్బు ఏ పద్దు కింద వస్తుందన్న లెక్క, ఈ మూడింటి చుట్టూనే సమస్య తిరుగుతోంది.

భద్రాచలంలో అడుగుల లెక్క

జులై, ఆగస్టుల్లో భద్రాచలంలో ఇద్దరు ఎదురుపడితే గోదావరి గురించి మొదటి ప్రశ్న "ఎంతుంది?" అనే. జవాబు కూడా అంకెలోనే వస్తుంది, "41, పెరుగుతోంది" అనో "నిలకడగా ఉంది" అనో. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇవి బడి పిల్లలకు కూడా తెలిసిన అంకెలు. 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగులు అక్కడి రికార్డు. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చినప్పుడు ఊళ్లో పెద్దవాళ్లు వెంటనే దాన్ని ఎనభై ఆరుతో పోల్చుకున్నారు. గోదావరి వంతెన మీద రాకపోకలు ఆపేశారు, వేల మందిని పునరావాస కేంద్రాలకు తరలించారు.

ఇక్కడ గమనించాల్సింది నీటి ఎత్తు కన్నా ఆ అంకె చేసే పని. నీళ్లు 43 దగ్గరికి వస్తున్నాయంటే స్నానఘట్టాల దగ్గర దుకాణాల వాళ్లు సామాను సర్దుతారు. 48 దాటిందంటే చుట్టుపక్కల మండలాలకు రోడ్లు ఒక్కొక్కటే మునగడం మొదలవుతుంది. 53 అంటే లోతట్టు కాలనీల వాళ్లు కదలాల్సిందే. ఎవరూ ప్రత్యేకంగా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, అంకె వినగానే ఎవరి పని వాళ్లకు తెలుసు. పైగా గోదావరి పెద్ద నది కాబట్టి టైమ్ ఇస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి పొంగాయంటే ఆ నీళ్లు పేరూరు, ఏటూరునాగారం దాటి రావాలి, పైన నీటిమట్టం కొలిచే గేజీలు చూసి కింద ఏమవుతుందో ముందే లెక్కగట్టొచ్చు.

అలాగని భద్రాచలం ప్లాన్ పక్కాగా ఉందని కాదు. ఊరికి కరకట్ట ఉంది, కానీ నది పెరిగినప్పుడు స్లూయిజ్‌లు (కట్టలోని తూములు) మూసేస్తే ఊళ్లో పడ్డ వాన నీరు బయటికి పోయే దారి ఉండదు, మోటార్లు పెట్టి తోడిపోయాలి. మోటార్లు ఆడకపోయినా, స్లూయిజ్ లీకైనా నది కట్ట దాటకుండానే కాలనీ మునుగుతుంది. 2022లో సుభాష్‌నగర్, కొత్త కాలనీ, ఏఎంసీ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. దీనికి తోడు సరిహద్దు చిక్కు. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఇప్పుడు ఇంకో రాష్ట్రం. ఒకే వరదకు రెండు కంట్రోల్ రూములు, రెండు కలెక్టరేట్లు. నీళ్లకేమో సరిహద్దు బోర్డు కనిపించదు.

మోరంచపల్లిలో ఒక తెల్లవారుజాము

2023 జులై 27. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి. ఊరు మోరంచ వాగును ఆనుకుని ఉంటుంది, పక్క నుంచే పరకాల–భూపాలపల్లి రోడ్డు పోతుంది. తెల్లవారే సరికి నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. జనం డాబాల మీదకు ఎక్కారు, డాబా లేనివాళ్లు చెట్లు పట్టుకున్నారు, రోడ్డు మీద లారీలు ఆగిపోతే డ్రైవర్లు క్యాబిన్ పైకెక్కి కూర్చున్నారు. పడవలు, హెలికాప్టర్ వచ్చేదాకా గంటల తరబడి అలాగే ఉన్నారు. నలుగురు కొట్టుకుపోయారు. పశువుల సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో నమోదైన వానల్లో అదే ఎక్కువ. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. వాతావరణ శాఖ లెక్కలో 204.4 మిల్లీమీటర్లు దాటితే "అత్యంత భారీ వర్షం", రెడ్ అలర్ట్ అక్కడితో ఆగిపోతుంది. 210 పడినా రెడ్డే, 650 పడినా రెడ్డే. ఆ రెండింటికీ మధ్య తేడా వాగు ఒడ్డున పడుకున్న మనిషికి ప్రాణమంత తేడా, కానీ రంగులో అది కనిపించదు.

పైగా రెడ్ అలర్ట్ జిల్లా మొత్తానికి వస్తుంది. ప్రతి వానాకాలం నాలుగైదు సార్లు ఫోన్లో మోగి, చాలాసార్లు తమ ఊళ్లో ఏమీ జరగకపోతే జనం దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. ఇది నిర్లక్ష్యం అని తిట్టడం తేలిక, కానీ నాలుగు సార్లు ఉత్తుత్తిగా పిలిస్తే అయిదోసారి ఎవరూ లేవరు. ఇక్కడ తప్పిపోతున్నది మధ్యలో జరగాల్సిన ఒక అనువాదం. ఆకాశం భాష మిల్లీమీటర్లలో ఉంటుంది. ఊరికి కావలసింది "వాగు మీద వంతెన రెండో గుర్తు దాటింది, ఎస్సీ కాలనీ వాళ్లు బడిలోకి రండి" అనే మాట. భద్రాచలంలో ఈ అనువాదం ఎప్పుడో జరిగిపోయింది, అడుగుల్లో. మోరంచ వాగుకు అలాంటి అంకె జనం నోట్లో లేదు. రెండు రాష్ట్రాల్లోనూ చాలా వాగులకు లేదు.

చిన్న వాగు ఇంకో విధంగా కూడా మోసం చేస్తుంది. గోదావరి ఒక రోజు టైమ్ ఇస్తే, వాగు గంటలే ఇస్తుంది, ఒక్కోసారి అదీ ఇవ్వదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్న చోట పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగితే ఆ కిందిది. వాన ఆగిన తర్వాత కూడా వరద రావచ్చు. "వాన తగ్గింది కదా" అని ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లు అలాగే దొరికిపోతారు.

కట్ట తెగితే కథ వేరు

2021 నవంబర్ 19న, అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీళ్లూ వచ్చి చేరాయి. ప్రాజెక్టు వదలగలిగేది 2.17 లక్షల క్యూసెక్కులైతే వచ్చిన వరద 3.2 లక్షలు. ఉన్న అయిదు గేట్లలో ఒకటి లేవలేదు. పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు లాంటి ఊళ్ల మీదకు నీళ్లు గోడలా వచ్చాయి. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 30 మందికి పైనే.

(నవంబర్ 19 తేదీ ఆంధ్రకు అచ్చిరాలేదు. 1977 దివిసీమ ఉప్పెన కూడా ఆ రోజే.)

ఇందులో కింది ఊళ్ల ప్లాన్ ఏం చేయగలిగేది? వానను ఆపలేదు, గేటు బాగు చేయలేదు. కానీ డ్యామ్ కింద ఉండే ఊరికి తెలియాల్సినవి కొన్ని ఉంటాయి: కట్ట తెగితే నీళ్లు ఊరికి ఎంతసేపట్లో వస్తాయి, ఎటు పరిగెత్తాలి, ఆ కబురు ఎవరు మోస్తారు. పెద్ద డ్యాములకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలని 2021 డిసెంబర్‌లో వచ్చిన డ్యామ్ భద్రత చట్టం చెప్పింది. చెయ్యేరు ఘటన జరిగిన నెలలోపే ఆ చట్టం వచ్చింది. ఆ ప్రణాళిక ఇంజనీర్ల ఆఫీసు బీరువాలో ఉంటుందా, మందపల్లి లాంటి ఊళ్ల సచివాలయం గోడ మీద ఉంటుందా అన్నదాన్ని బట్టే దాని విలువ.

ప్లాన్ కాగితం మీద ఎవరిది, వాడుకలో ఎవరిది

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్ అధ్యక్షుడు, జిల్లా ప్రణాళిక ఆయన చేతి మీదుగానే తయారవుతుంది. పంచాయతీలు, మున్సిపాలిటీల్లాంటి స్థానిక సంస్థలు కూడా తమ ప్రణాళిక తాము రాసుకోవాలని అదే చట్టంలో ఉంది. మొదటిది ఎక్కువగా జరుగుతుంది, రెండోది చాలాచోట్ల జిల్లా కాగితం నుంచి ఎత్తి రాసిన నాలుగు పేజీలుగా మిగిలిపోతుంది. అందులో టెలిఫోన్ నంబర్ల పట్టిక ఉంటుంది. బదిలీ అయి రెండేళ్లయిన అధికారి నంబరు కూడా అందులోనే ఉంటుంది.

2025లో ఈ చట్టాన్ని సవరించి రాష్ట్ర రాజధానులకు, మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టుకునే వీలు ఇచ్చారు. విజయవాడకు, ఖమ్మానికి ఇది పనికొస్తుంది. మరి మామూలు మున్సిపాలిటీ సంగతి? నగర పంచాయతీ సంగతి? 2011 లెక్కల్లోనే దాదాపు 50 వేల జనాభా ఉన్న భద్రాచలం, రెండు రాష్ట్రాల్లో వరద అంటే మొదట గుర్తొచ్చే ఊరు, ఇంకా గ్రామ పంచాయతీయే. అంటే నగరానికి ప్రత్యేక సంస్థ, దానికన్నా ఎక్కువసార్లు మునిగే ఊరికి కలెక్టరేట్ చూపే.

తర్వాతి ప్రశ్న, ఊళ్లో ప్రభుత్వం మనిషి ఎవరు? పూర్వం జవాబు తేలిక, కరణం, మునసబు, వెట్టి, ఆ తర్వాత వీఆర్వో. తెలంగాణలో వీఆర్వో వ్యవస్థను 2020లో రద్దు చేశారు, వీఆర్ఏలను 2023లో వేరే శాఖల్లో సర్దారు. భూమి రికార్డుల గొడవలే అందుకు కారణం. ఆ నిర్ణయం తప్పొప్పులు వేరే చర్చ. కానీ దాని పర్యవసానంగా, అర్ధరాత్రి తహసీల్దార్ ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. భారమంతా పంచాయతీ కార్యదర్శి మీద పడింది. ఆయనేమో చాలాసార్లు మండల కేంద్రంలో ఉంటాడు, వాగు పొంగితే ఊళ్లోకే రాలేడు. 2025లో గ్రామ పాలనాధికారుల పేరుతో ఆ ఖాళీ నింపడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ నుంచి సచివాలయాలున్నాయి కాబట్టి వీఆర్వో, ఏఎన్ఎం, మహిళా పోలీస్, ఇంజనీరింగ్ అసిస్టెంట్, ఎనర్జీ అసిస్టెంట్ ఇలా మనుషులకు కొదవ లేదు. అక్కడ ప్రశ్న వేరు. వాళ్లలో తుపాను రాత్రి ఊళ్లోనే పడుకునేది ఎంతమంది?

టెక్సాస్‌లో రెండు ఊళ్లు, ఒకే నది

ఇది మన దగ్గరి బీదతనం వల్ల వచ్చిన సమస్య అనుకుంటే పొరపాటు. 2025 జులై 4 తెల్లవారుజామున అమెరికాలోని టెక్సాస్‌లో గ్వాడలూపె నది పొంగింది. 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగిందని అక్కడి అధికారులు చెప్పారు. కెర్ కౌంటీ ఒక్కదాంట్లోనే వంద మందికి పైగా చనిపోయారు, వారిలో వేసవి శిబిరానికి వచ్చిన ఆడపిల్లలు ఉన్నారు. డాలస్, ఆస్టిన్‌లలో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో ఈ వార్త మన వాట్సాప్‌లలో కూడా బాగా తిరిగింది.

అక్కడ వాతావరణ కార్యాలయం ముందురోజు మధ్యాహ్నమే వరద రావచ్చని చెప్పింది, రాత్రి ఒంటిగంట దాటాక ఆకస్మిక వరద హెచ్చరిక ఇచ్చింది. అంటే పైనుంచి మాట వచ్చింది. కానీ నది పక్కన సైరన్లు లేవు. కౌంటీలో ఏళ్ల తరబడి దాని మీద చర్చ జరిగింది. దాదాపు పది లక్షల డాలర్ల గ్రాంటు కోసం దరఖాస్తు పెట్టారు, రాలేదు. సొంత డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు. నదికి దిగువన పక్క కౌంటీలో కంఫర్ట్ అనే చిన్న ఊరు ఉంది, రెండు వేల పైచిలుకు జనాభా. అక్కడి స్వచ్ఛంద అగ్నిమాపక దళం అంతకు ముందు ఏడాదే సైరన్లు మెరుగుపరుచుకుంది. ఆ రాత్రి అవి మోగాయి, జనం కదిలారు, కంఫర్ట్‌లో ప్రాణనష్టం లేదు. దిగువన ఉండటం వల్ల వాళ్లకు కొంత ఎక్కువ టైమ్ దొరికిన మాట నిజమే, ఆ తేడాను తీసెయ్యకూడదు. అయినా ఆ దొరికిన టైమ్‌ను వాడుకునే సాధనం వాళ్ల చేతిలో ఉంది.

మోరంచపల్లికీ కెర్ కౌంటీకీ పోలిక ఎక్కడంటే, రెండు చోట్లా తెల్లవారుజామునే వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి మనిషి గాఢనిద్రలో ఉండే వేళ. వాన హోరులో ఎస్సెమ్మెస్ శబ్దం ఏ మూలకీ చాలదు. సెల్ బ్రాడ్‌కాస్ట్ పేరుతో పెద్ద శబ్దంతో మోగే అలర్ట్‌లను మన దేశంలో 2023లో పరీక్షించడం మొదలుపెట్టారు, అది మంచిదే. కానీ టవర్ బ్యాటరీ అయిపోతే అదీ మూగదే. గుడి మైకు, మసీదు మైకు, ఇన్వర్టర్ మీద ఆడే ఒక యాంప్లిఫయర్, డప్పు. వినడానికి పాతకాలం పద్ధతుల్లా ఉంటాయి గానీ, టవర్ పోయిన రాత్రి పనికొచ్చేవి ఇవే.

తుపాను వెళ్లాక మొదలయ్యేది

తీరంలో కథ కొంత నయం. 1977లో దివిసీమలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. 1990 మేలో అదే తీరం మీద భయంకరమైన తుపాను వస్తే మృతుల సంఖ్య 967. మధ్యలో జరిగింది తుపాను షెల్టర్లు, మెరుగైన హెచ్చరిక, లక్షల మందిని ముందే ఖాళీ చేయించడం. ఇప్పటి తుపాన్లలో ఆ సంఖ్య పదుల్లోకి వచ్చేసింది. తరలింపు అనే పని రెవెన్యూ శాఖకు చేతనైన విద్య అయిపోయింది.

ఇంకా చేతకానిది ఆ తర్వాతి వారం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. ఇంటి పైకప్పు మిగిలినవాళ్లకు కూడా రెండో రోజుకు అసలు బాధ తెలిసింది, నీళ్లు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే ట్యాంకు నిండదు, కుళాయి రాదు. ఒకప్పుడు బావి ఉండేది, చేద వేసి తోడుకునేవాళ్లు. ఇప్పుడు ఊరంతా ఒక బోరు, ఒక ట్యాంకు మీద బతుకుతోంది. జనరేటర్లు పట్టుకొచ్చి ఊరూరా తిప్పుతూ ట్యాంకులు ఎక్కించాల్సి వచ్చింది.

చిన్న ఊరి ప్లాన్‌లో ఈ గొలుసు సాధారణంగా ఉండదు. రక్షించడం ఉంటుంది, బియ్యం ప్యాకెట్లు ఉంటాయి. డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి ఎవరు, నెలలు నిండిన గర్భిణి ఏ ఇంట్లో ఉంది, ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న ముసలాయన ఎక్కడ? ఉద్దానం లాంటి చోట, కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ప్రాంతంలో, రోడ్డు మీద చెట్టు పడిందంటే డయాలసిస్ తప్పిందనే అర్థం. ఈ పేర్లు ఏఎన్ఎం దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర ఇప్పటికే ఉన్నాయి. విపత్తు ప్లాన్ రాసేది రెవెన్యూ శాఖ, పేర్లున్న రిజిస్టర్ ఆరోగ్య శాఖది. రెండూ ఒక బల్ల మీదకు వచ్చేది తుపాను ముందురోజు వీడియో కాన్ఫరెన్స్‌లో, అప్పటికి టైమ్ ఉండదు.

డబ్బు ఏ పద్దులో ఉంది

15వ ఆర్థిక సంఘం 2021–26కి రాష్ట్రాల విపత్తు నిధిని విడగొట్టిన తీరు చూస్తే కొంత అర్థమవుతుంది. మొత్తంలో 80 శాతం విపత్తు వచ్చాక చేసే పనులకు, 20 శాతం ముందే ముప్పు తగ్గించే పనులకు. ఆ 80లో కూడా సన్నద్ధత, శిక్షణ, సామర్థ్యం పెంచుకోవడానికి దక్కేది మొత్తం నిధిలో 10 శాతమే. అంతకు ముందు ముప్పు తగ్గింపుకు ఇలా విడిగా నిధే లేదు కాబట్టి ఇది మెరుగే. కానీ జిల్లాలో ఖర్చు పెట్టేవాడికి దొరికే ప్రోత్సాహం మారలేదు. మనిషి చనిపోతే 4 లక్షల ఎక్స్‌గ్రేషియాకు రూలు ఉంది, ఫారం ఉంది, ఆడిట్ అభ్యంతరం లేదు. చనిపోకుండా వాగు దగ్గర గేజీ పెట్టడానికి మాత్రం ప్రతిపాదన, అంచనా, అనుమతి, టెండర్. పైగా ఫలానా వాగుకే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కూడా చెప్పుకోవాలి. జరగని నష్టానికి ఎవరికీ దండ వేయరు.

ఊరికి ముందుగా అందేది ఊరే

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. మున్నేరుకు 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24కి రెండోది. ఆ రోజు నీళ్లు వాటిని ఎప్పుడో దాటేశాయి. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ బండి తీసుకుని వంతెన మీదకు వెళ్లి వాళ్లను తెచ్చాడు. కార్పొరేషన్ ఉన్న నగరంలోనే పరిస్థితి ఇది. ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. అక్కడి నుంచో, హైదరాబాద్ నుంచో టీమ్ బయల్దేరి, మునిగిన రోడ్లు తప్పించుకుంటూ భూపాలపల్లి అడవుల్లోకి చేరడానికి పట్టే టైమ్‌లో వాగు వచ్చి పోతుంది కూడా.

అందుకే చిన్న ఊరి ప్లాన్‌లో మొదటి పేజీ కలెక్టరేట్ నంబర్లతో కాకుండా ఊళ్లో వస్తువులతో మొదలవ్వాలి. జేసీబీ ఎవరిది, ట్రాక్టర్లు ఎన్ని, డీజిల్ ఎవరి దగ్గర నిల్వ ఉంటుంది, ఈత వచ్చిన చేపల పనివాళ్లు ఎవరు, బడి తాళం ఎవరి దగ్గర. చివరిది నవ్వులాటగా అనిపించొచ్చు. పునరావాస కేంద్రం అంటే చాలా ఊళ్లలో ప్రభుత్వ బడే, తాళం హెడ్మాస్టర్ దగ్గర, హెడ్మాస్టర్ పాతిక కిలోమీటర్ల దూరంలోని టౌన్లో. జనం తడుస్తూ గేటు దగ్గర నిలబడితే ఎవరో ఒకరు రాయి తీసుకుని తాళం పగలగొడతారు. ప్లాన్‌లో లేకపోయినా జరిగే పనే అది.

ఇక వాగుకు అంకె. ఇందుకు సెన్సార్లే అక్కర్లేదు, ఉంటే మంచిదే. వంతెన స్తంభానికి మూడు రంగుల పట్టీలు వేసి, పసుపు మునిగితే పశువులు విప్పాలి, నారింజ మునిగితే లోతట్టు వీధి కదలాలి, ఎరుపు మునిగితే అందరూ గుట్టకో బడికో చేరాలి అని జూన్‌లోనే గ్రామసభలో తేల్చుకుంటే భద్రాచలం 43, 48, 53 చేసే పనినే అవీ చేస్తాయి. ఎంత ఎత్తులో గీయాలో ఊళ్లో అరవై దాటినవాళ్లను అడిగితే చెబుతారు, ఏ ఏడు ఎంతవరకు వచ్చిందో గోడల మీద చూపిస్తారు. రాత్రిళ్లు టార్చి పట్టుకుని ఆ పట్టీ చూసి రావడానికి ఇద్దరి పేర్లు, వాళ్లు లేకపోతే ఇంకో ఇద్దరి పేర్లు రాసి పెట్టుకోవాలి. ఖర్చు రెండు డబ్బాల పెయింటు. అడ్డం ఏమిటంటే వంతెన ఆర్ అండ్ బీ వాళ్లది, వాగు ఇరిగేషన్ వాళ్లది, స్తంభం మీద రంగు వేయాలంటే ఎవరి అనుమతి కావాలన్నది పంచాయతీకి ఎవరూ చెప్పరు.